సల్సాకు లెక్క ఎవరు పెట్టారు? లాటిన్ సోషల్ డాన్సులు పుట్టిన తీరు, మారిన తీరు

హైదరాబాద్‌లో అయినా, బెంగళూరులో అయినా, డల్లాస్‌లో అయినా సల్సా క్లాసులో చేరితే మొదటి గంటలో నేర్పేది ఒకటే: వన్ టూ త్రీ, ఫైవ్ సిక్స్ సెవెన్. నాలుగు దగ్గర, ఎనిమిది దగ్గర అడుగు పడదు. ఆ లెక్క రెండు మూడు వారాల్లో ఎంత ఒంటపడుతుందంటే, సల్సా పుట్టిన రోజు నుంచీ జనం ఇలాగే లెక్కపెట్టుకుని ఆడారని అనుకుంటాం. అది నిజం కాదు. ఈ డాన్సుకు అసలు వేరు ఉన్న తూర్పు క్యూబాలో ఎవరూ అంకెలు చెప్పలేదు. ఇంట్లో పెద్దవాళ్లను చూశారు, వాయిద్యం విన్నారు, కాలు కదిపారు. అంకెలు వచ్చింది స్కూళ్లతో పాటు, అంటే ఆ వాయిద్యం వింటూ పెరగని వాళ్లకు డాన్సు నేర్పాల్సిన అవసరం పడ్డాక.

లాటిన్ డాన్సుల చరిత్ర చెప్పేటప్పుడు మామూలుగా పేర్ల జాబితా చదువుతారు: రుంబా, మాంబో, చా చా చా, సల్సా, బచాటా. ఆ పద్ధతిలో ఏది ఎందుకు మారిందో అర్థం కాదు. ఎవరు ఎక్కడికి చేరారు, అక్కడ ఎవరి దగ్గర ఎలా నేర్చుకున్నారు అని అడుగుతూ పోతే చిక్కుముళ్లు వాటంతటవే విడిపోతాయి. ముందు ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. సోషల్ డాన్స్ అంటే స్టేజీ కోసం కూర్చిన డాన్సు కాదు. ముందే అనుకున్న స్టెప్పులుండవు, రిహార్సల్ ఉండదు. పేరు కూడా తెలియని మనిషిని పిలిచి, పాట మొదలయ్యాక అప్పటికప్పుడు ఇద్దరూ కలిసి అల్లుకునేది. ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు అందుకుంటారు, మూడు నాలుగు నిమిషాల్లో పాట అయిపోతే థాంక్స్ చెప్పి వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. ఇద్దరికీ తెలిసిన భాష ఏదో ఒకటి ఉంటే తప్ప ఇది కుదరదు, ఆ భాష తయారవడానికి రెండు వందల ఏళ్లు పట్టింది.

మొదలు పెట్టాల్సింది క్యూబాలో కాదు, పక్కనున్న హైతీలో. అప్పట్లో అది సాన్ దోమాంగ్ అనే ఫ్రెంచి కాలనీ. 1791లో అక్కడి బానిసలు తిరగబడ్డారు, 1804 నాటికి స్వతంత్ర దేశాన్నే నిలబెట్టుకున్నారు. ఆ పదమూడేళ్లలో వేలమంది ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలను వెంటబెట్టుకుని, ఇటు సముద్రం దాటి తూర్పు క్యూబాలోని సాంతియాగో, గ్వాంతానమో వైపు చేరారు. వాళ్లతో పాటు కాంత్రదాన్స్ అనే డాన్సు వచ్చింది: ఆడవాళ్లు ఒక వరుస, మగవాళ్లు ఒక వరుస ఎదురెదురుగా నిలబడి బొమ్మలు గీసినట్టు ఆడే యూరప్ దొరల ఆట. క్యూబాలో అప్పటికే స్పెయిన్ నుంచి వచ్చిన దాని సొంత రూపం ఒకటుంది, రెండూ కలిశాయి. అయితే పందొమ్మిదో శతాబ్దపు క్యూబాలో దొరల హాల్లో వాయించే బ్యాండ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు, మిశ్రమ జాతుల వాళ్లు. సంగీతం వాళ్ల చేతి పని. కాగితం మీద ఉన్నది యూరప్ స్వరమే, దాన్ని వాయించిన చేతులు మాత్రం ఆఫ్రికా లయలో పెరిగినవి. అలా ఐదు దెబ్బల సింకీయో అనే లయ ఆ స్వరాల కిందికి చేరిపోయింది, నడుము కూడా నెమ్మదిగా దాన్ని అనుసరించింది.

1879 జనవరి 1న మతాన్సాస్ పట్టణంలో మిగేల్ ఫయీల్దే అనే నల్లజాతి సంగీతకారుడు వాయించినదాన్ని దాన్సోన్ అనే కొత్త డాన్సు సంగీతంలో మొదటిదిగా లెక్కిస్తారు. అప్పటికి వరుసలు పోయాయి, జంటలు దగ్గరగా పట్టుకుని ఆడుతున్నారు. పత్రికల్లో గోల మొదలైంది. ఇది అసభ్యం, ఇది ఆఫ్రికా వాళ్ల ఆట, మన పిల్లలు ఏమైపోతారు అని. ఈ గోలను గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇదే మాటలు తర్వాత సోన్ అనే సంగీతం గురించి, మాంబో గురించి, బచాటా గురించి దాదాపు అక్షరం పొల్లుపోకుండా వినిపిస్తాయి.

దాన్సోన్‌లో ఒక అందమైన ఏర్పాటు ఉంది. పాట మొదట్లో వచ్చి, మధ్య మధ్యలో మళ్లీ మళ్లీ వచ్చే పదహారు ఆవర్తనాల భాగాన్ని పసేయో అంటారు. ఆ సేపు ఎవరూ ఆడరు. జంటలు నిలబడి ఉంటాయి, లేదా చేయి చేయి పట్టుకుని నాలుగడుగులు నడుస్తాయి, ఆడవాళ్లు విసనకర్ర విసురుకుంటారు, కబుర్లు చెప్పుకుంటారు. ఆ భాగం చివరి స్వరం పడగానే అందరూ ఒక్కసారిగా కౌగిలి పట్టి మొదలుపెడతారు. క్యూబా ఎండలో అది కొంత ఊపిరి తీసుకోవడానికే. కానీ పాటలో ఏ భాగం నడుస్తోందో తెలియని వాడు అక్కడ పరువు పోగొట్టుకుంటాడు, ఎక్కడ ఆగాలో ఎక్కడ కదలాలో చెవే చెప్పాలి. మెక్సికోలోని వెరాక్రూస్ కూడలి చౌక్‌లో ముసలి జంటలు ఈ రోజుకీ దాన్సోన్‌ను ఇలాగే ఆడతారు.

ఇదంతా హాల్లో జరిగిన కథ. బయట, హవానా, మతాన్సాస్ ఓడరేవుల దగ్గర, ఒకే ముంగిలి చుట్టూ పది పదిహేను కుటుంబాలు బతికే సొలార్ అనే ఇరుకు వాడల్లో ఇంకో కథ నడుస్తోంది. క్యూబాలో బానిసత్వం చట్టప్రకారం పోయింది 1886లో, అమెరికా ఖండాల్లో దానికంటే ఆలస్యం బ్రెజిల్ ఒక్కటే. విడుదలైన జనం పట్నాలకు చేరారు, రేవుల్లో కూలి పని చేశారు. డప్పులు వాయిస్తే పోలీసులతో తంటా. అందుకని ఎండు చేపలు వచ్చే చెక్కపెట్టెలను బోర్లించి వాయించారు. కాంగో ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు, యోరుబా వాళ్లు, అబాక్వా అనే రహస్య సంఘం వాళ్లు, వీళ్లందరి లయలూ ఆ ముంగిళ్లలో కలిసి రుంబా అయింది. నిదానంగా సాగే యాంబు, జంట దోబూచులాడే గ్వాగ్వాంకో, మగవాడు ఒంటరిగా విన్యాసం చూపించే కొలంబియా అని అందులో మూడు రకాలు. పోటీల్లో మెరుపు బట్టలేసుకుని నెమ్మదిగా ఆడే రుంబాకు దీనికి పేరు తప్ప దాదాపు ఏ సంబంధమూ లేదు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ఈ రెండు కథలనూ కట్టి ఉంచే దారం క్లావే. జానెడు పొడవుండే రెండు గట్టి కర్రముక్కలు, మన కోలాటం కర్రల్ని పొట్టిగా కోసినట్టుంటాయి. హవానాలో ఓడలు కట్టేచోట చెక్కల్ని బిగించే మేకుల నుంచి ఇవి వచ్చాయని చెబుతారు. వాటిని కొడితే వచ్చే లయ పేరు కూడా క్లావేనే. అందులో ఐదు దెబ్బలు మాత్రమే ఉంటాయి. ఎనిమిది బీట్లు లెక్కపెడుతూ చప్పట్లతో ప్రయత్నించి చూడవచ్చు: మొదటి చప్పట ఒకటి మీద, రెండోది రెండుకూ మూడుకూ సరిగ్గా మధ్యలో, మూడోది నాలుగు మీద. తర్వాత ఐదు ఖాళీ. ఆరు మీద ఒకటి, ఏడు మీద ఒకటి, ఎనిమిది ఖాళీ. మొదటి సగంలో మూడు దెబ్బలు ఎడం ఎడంగా లాగినట్టు, రెండో సగంలో రెండు దెబ్బలు తిన్నగా. ఒకటి ప్రశ్న వేస్తుంది, రెండోది జవాబిస్తుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో గంట మీద వాయించే లయలకు ఇది దగ్గరి చుట్టం. పియానో, బేస్, పాటగాడి మాట విరుపు, అన్నీ ఈ ఐదు దెబ్బల చుట్టూ తిరుగుతాయి. చాలా పాటల్లో కర్రలు బయటికి వినిపించవు కూడా. అయినా వాయించేవాళ్లందరి తలలోనూ అది మోగుతూనే ఉంటుంది.

సోన్ పుట్టింది స్పెయిన్, ఆఫ్రికా పద్ధతులు రెండూ కలిసిన చోట. తూర్పు కొండ ప్రాంతాల్లో స్పానిష్ రైతుల గిటారు, పది పాదాల పద్యం ఒకవైపు, ఆఫ్రికా బొంగో డ్రమ్ములు, ఒకరు పాడితే గుంపు అందుకునే పద్ధతి ఇంకోవైపు. 1909 ప్రాంతంలో తూర్పు జిల్లాల సైనికుల్ని బదిలీల మీద హవానాకు పంపినప్పుడు వాళ్లతోపాటే అది రాజధానికి వచ్చిందని చరిత్రకారులు రాస్తారు. మొదట్లో పోలీసులు వెంటపడిన ఆ సంగీతాన్నే 1920ల్లో సెక్స్‌తేతో అబానేరో లాంటి బృందాలు రికార్డులకెక్కించాయి. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజులవి, తాగడానికి హవానాకు దిగే టూరిస్టులకు వాయించడానికి బ్యాండ్లు కావలసి వచ్చాయి. డబ్బు వచ్చింది, దాని వెనకే గౌరవం వచ్చింది. 1930లో న్యూయార్క్‌లో డాన్ అస్పియాసూ బ్యాండ్ రికార్డు చేసిన పల్లీలు అమ్మేవాడి పాట ప్రపంచమంతా మోగింది. అది సోన్ పాట. అమెరికన్ కంపెనీలు దానిమీద రుంబా అని ముద్రేసి అమ్మేశాయి, పేర్ల గందరగోళం మొదలైంది అక్కడే.

సోన్‌ను లోతుగా మార్చినవాడు ఆర్సేనియో రోద్రిగెస్. చిన్నతనంలోనే చూపు పోయింది, కాంగో సంప్రదాయపు ఇంట్లో పెరిగాడు, త్రెస్ అనే మూడు జతల తంత్రుల గిటారు వాయించేవాడు. 1940 ప్రాంతంలో తన బృందంలోకి కొంగా డ్రమ్మును తెచ్చాడు, పియానో చేర్చాడు, ట్రంపెట్లు పెంచాడు. కొంగా అప్పటివరకూ వీధి వాయిద్యం, మర్యాదస్తుల బ్యాండులో దానికి చోటు లేదు. ఈ రోజు ప్రపంచంలో ఏ సల్సా పాట విన్నా వెనకాల నడిచేది ఆయన వేసిన ఈ చట్రమే. ఆయన పేరు డాన్సు ఫ్లోర్ మీద ఉన్నవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నిజంగా బాధ కలిగిస్తుంది. పాత క్యూబన్లు ఈ పాటలకు ఒకటి మీద అడుగే వేయరు. రెండు, మూడు, నాలుగు, మళ్లీ ఆరు, ఏడు, ఎనిమిది. కొంగా మీద ‘డుం డుం’ అని తెరుచుకున్న శబ్దం పడేది నాలుగో బీటు దగ్గర, వాళ్ల ఆఖరి అడుగు దానిలో దిగుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు అది బీటు తప్పినట్టు కనిపిస్తుంది. వాళ్లు వినేది డ్రమ్మును, అంకెల్ని కాదు, తేడా అంతా అదే.

ఇక మాంబో దగ్గరికి వస్తే, అది డాన్సుగా కాక దాన్సోన్ చివరి భాగంగా మొదలైంది. 1938లో అర్కాన్యో బృందంలోని అన్నదమ్ములు ఒరెస్తెస్, కచావో లోపెస్‌లు దాన్సోన్ తోకకు సోన్‌లోని ఊపును తగిలించారు. మొదట్లో జనానికి అది ఎక్కలేదు. దాన్ని విడదీసి, పెద్ద ఇత్తడి బ్యాండుతో, అరుపులతో 1949 నుంచి మెక్సికోలో రికార్డులు చేసి ప్రపంచానికి అమ్మినవాడు పెరెస్ ప్రాదో. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. లయలో అంత ఎదురుబీటు ఉంటే మామూలు జంటలు అడుగు పట్టుకోలేకపోయాయి. హవానాలో వయొలిన్ వాయించే ఎన్రికే హోర్రిన్ స్టేజీ మీద నుంచి ఈ తడబాటును గమనించి, స్వరాన్ని సులువు చేసి బీటు మీదికి తెచ్చాడు. జనం అడుగుల మధ్య మూడుసార్లు కాలు రాచడం మొదలుపెట్టారు, నేల మీద ఆ చెప్పుల రాపిడి శబ్దమే చా చా చా అయిందని ఆయనే చెప్పాడు. 1953లో వచ్చిన ఆయన రికార్డుతో అది హవానాను ఊపేసింది. సంగీతం డాన్సును తయారు చేస్తుందని అందరూ అంటారు, ఇక్కడ జరిగింది సరిగ్గా తలకిందులు: ఆడేవాళ్ల కాళ్లను చూసి పాట రాశారు.

న్యూయార్క్‌కు వెళ్లేముందు ఇంగ్లండ్‌లో జరిగింది క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. లండన్‌లో డాన్సు నేర్పే పియేర్ అనే ఫ్రెంచి మూలాల మాస్టారు 1947లో హవానా వెళ్లి అక్కడి అడుగులు నేర్చుకుని వచ్చి, తన జోడీ డోరిస్ లవెల్‌తో కలిసి వాటిని పుస్తకానికి ఎక్కించాడు. పరీక్షలు, గ్రేడులు, పోటీలు వచ్చాయి. అలా తయారైన పోటీ లాటిన్‌లో ఇప్పుడు ఐదు డాన్సులున్నాయి: చా చా చా, రుంబా, సాంబా, పాసో దోబ్లే, జైవ్. వీటిలో పాసో దోబ్లే స్పెయిన్ ఎద్దుల పోరుకు చెందింది, జైవ్ ఏమో అమెరికన్ స్వింగ్ బిడ్డ. సల్సా, బచాటా, మెరెంగే ఈ జాబితాలోనే లేవు. టీవీ రియాలిటీ షోలు చూసి లాటిన్ డాన్స్ అంటే ఇదే అనుకునేవాళ్లు సోషల్ ఫ్లోర్ మీదికి వచ్చాక కంగారు పడేది ఇందుకే.

న్యూయార్క్‌లో జరిగిన దానికి ముందు ఒక చట్టం ఉంది. 1898లో అమెరికా స్పెయిన్ నుంచి ప్యూర్టో రికోను తీసుకుంది, 1917లో అక్కడి జనానికి అమెరికా పౌరసత్వం ఇచ్చింది. వీసా గొడవ లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత విమానం టికెట్లు చవకయ్యాయి, ద్వీపంలో పొలం పనులు కరువయ్యాయి, లక్షలమంది న్యూయార్క్ పేటలైన హార్లెమ్, బ్రాంక్స్ చేరారు. వాళ్ల బోంబా, ప్లేనా పాటలు వాళ్లకున్నా, పార్టీల్లో మోగింది మాత్రం క్యూబా లయ. మచీతో బ్యాండు, దాని సంగీత దర్శకుడు మారియో బౌసా ఆ లయను జాజ్ బ్రాస్‌తో కలిపేశారు.

బ్రాడ్‌వే మీద 53వ వీధి మూలన పెలేడియం అనే హాలుండేది. 1940ల చివర్లో అక్కడ మాంబో మొదలైంది, 1966లో హాలు మూతపడింది. మచీతో, తీతో ప్వెంతే, తీతో రోద్రిగెస్ బ్యాండ్లు ఒకరిని మించి ఒకరు వాయించేవి. వర్ణవివక్ష మామూలైన ఆ రోజుల్లో నల్లవాళ్లు, ప్యూర్టో రికన్లు, యూదులు, ఇటాలియన్లు ఒకే చెక్క నేల మీద ఆడారు. వచ్చినవాళ్లు ఎవరని కాకుండా ఎలా ఆడతారని చూసిన చోటు అది. అక్కడి అందరికంటే పేరున్న జంటలో క్యూబన్ పీట్ అని పిలిచే పెద్రో అగిలార్ ప్యూర్టో రికన్, మిల్లీ డొనే ఇటాలియన్ అమెరికన్. వీళ్లు క్యూబా ముంగిళ్లలో నేర్చుకున్నవాళ్లు కాదు. అదే ఫ్లోర్ మీద టాప్, లిండీ హాప్ అనే అమెరికన్ డాన్సులు చూస్తూ, ఎదుటి జంటతో పోటీపడుతూ నేర్చుకున్నారు. మాంబో అక్కడ నిటారైంది, మెరుపు కాళ్లు వచ్చాయి, జంట విడిపోయి ఎవరికి వాళ్లు విన్యాసం చూపించి మళ్లీ కలవడం వచ్చింది.

1959లో క్యూబాలో విప్లవం వచ్చింది. రెండు మూడేళ్లలో అమెరికాతో సంబంధాలు తెగిపోయాయి, రికార్డులు, బ్యాండ్లు, రాకపోకలు అన్నీ ఆగాయి. ఒకే తల్లి వేరు నుంచి వచ్చిన డాన్సు ఇక్కడ చీలింది, ఈ రోజు క్లాసుల్లో స్టైళ్లు అని నేర్పేవి చాలావరకు ఆ చీలిక ముక్కలే.

హవానాలో మిగిలిన ముక్క కాసినో. 1950ల్లో కాసినో దెపోర్తీవో అనే క్లబ్బులో కుర్రజంటలు గుండ్రంగా నిలబడి, ఒకడు కేకేసిన పేరు ప్రకారం ఒక్కసారిగా స్టెప్పు మార్చి పక్కవాళ్లతో జోడీ మార్చుకునే ఆట మొదలుపెట్టారు, దాన్నే రుయేదా అంటారు. ఆ క్లబ్బులు అప్పట్లో తెల్లవాళ్లకే. విప్లవం తర్వాత అవి ప్రభుత్వం చేతికొచ్చి తలుపులు అందరికీ తెరుచుకున్నాయి, కాసినో వీధిలోకి వచ్చి మళ్లీ రుంబా నడుమును, ఆఫ్రో భుజాలను అందుకుంది. ఇందులో జంట ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతారు, గీత గీసినట్టు ముందుకూ వెనక్కూ పోరు. సోవియట్ యూనియన్ కూలి 1990ల్లో క్యూబా ఆకలితో అల్లాడినప్పుడు ద్వీపాన్ని టూరిజానికి తెరిచారు, దిగిన యూరోపియన్లకు డాన్సు నేర్పడం కొందరికి కూడు పెట్టింది. క్యూబన్ సల్సా ఇటలీ, జర్మనీల్లో అంతగా నాటుకోవడానికి కారణం ఇది.

కొలంబియాలోని కాలి నగరం సంగతి మరీ వింత. క్యూబా, న్యూయార్క్ రికార్డులు బ్వెనావెంతూరా రేవులో దిగే నావికుల చేతుల్లో అక్కడికి చేరేవి. బ్యాండ్లు చాలా అరుదుగా వచ్చేవి, జనం పెరిగింది రికార్డుల మీదే. 1960ల్లో పేద వాడల పార్టీల్లో, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 స్పీడులో పెట్టడం అలవాటైంది. పాట మూడోవంతుకు పైగా వేగం పెరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. దానితో పోటీపడి ఆడాలంటే చేతులతో మెలికలు తిప్పే టైముండదు, మొత్తం పని మోకాళ్ల కింద జరగాలి. కాలి నగరపు సల్సాలో కళ్లు అందుకోలేని ఆ పాదాల వేగం ఒక గ్రామఫోన్ మీట దగ్గర పుట్టింది. 1968 డిసెంబరు జాతరకు రిచీ రే, బాబీ క్రూస్ బ్యాండు స్వయంగా వచ్చి వాయించింది, ఆ నగరం ఇప్పటికీ ఆ రాత్రుల్ని తలుచుకుంటుంది.

న్యూయార్క్ ముక్కకే సల్సా అనే పేరు స్థిరపడింది. డొమినికన్ ఫ్లూటు కళాకారుడు జానీ పచేకో, జెర్రీ మసూచి అనే లాయరు కలిసి 1964లో ఫానియా రికార్డ్స్ పెట్టారు. పచేకో మొదట్లో కారు డిక్కీలో రికార్డులు వేసుకుని దుకాణాలకు తిరిగాడు. 1971 ఆగస్టులో చీతా క్లబ్బులో, 1973 ఆగస్టులో యాంకీ స్టేడియంలో ఫానియా కళాకారులంతా కలిసి చేసిన కచేరీలతో ఇది ఒక ఉద్యమంలా మారింది. సోన్, గ్వాగ్వాంకో, మాంబో, ప్లేనా అన్నిటినీ ఒకే పేరు కింద అమ్మారని తీతో ప్వెంతేకు చివరిదాకా కోపమే. ఆ కోపంలో న్యాయముంది. అలాగని అది వట్టి వ్యాపారం కూడా కాదు: బ్రాంక్స్‌లో ఇళ్లు కాలిపోతున్న రోజుల్లో, ఉద్యోగాల్లేని కుర్రాళ్లకు ఈ పాటలు మేమిక్కడ ఉన్నామని చెప్పే గొంతయ్యాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు. పెలేడియం మూతపడ్డాక దగ్గరుండి చూసి నేర్చుకునే చోటు పోయింది. 1970ల్లో కుర్రకారు డిస్కో పాటలకు ఆడే హస్సిల్ అనే జంట డాన్సు వైపు వెళ్లారు, ఆ గిరగిరా తిప్పుడు, గీత మీద ముందుకూ వెనక్కూ సాగే పద్ధతి తర్వాత సల్సాలోకి వచ్చాయి. స్పానిష్ హార్లెమ్‌లో పుట్టిన ఎడ్డీ తోరెస్ తీతో ప్వెంతే బ్యాండు ముందు ఆడేవాడు. వీధిలో నేర్చుకున్నాడు కాబట్టి ఆడటం వచ్చు, ఎదుటివాడికి చెప్పడం రాదు. బాల్‌రూమ్ టీచరు జూన్ లాబెర్టా ఆయనకు అడుగుల్ని అంకెల్లో పెట్టడం, కదలికలకు పేర్లు పెట్టడం చూపించింది. అలా వచ్చింది ఆన్ టూ: ఒకటి మీదే అడుగు పడుతుంది, కానీ దిశ మారేది రెండు, ఆరు మీద. కొంగా మీద చెళ్లుమనే దెబ్బ కూడా రెండో బీటు మీదే ఉంటుంది, అందుకే అలవాటైనవాళ్లకు అది డ్రమ్ముతో చేయి కలిపినట్టుంటుంది. 1990ల్లో లాస్ ఏంజెలెస్‌లో వాస్కెస్ సోదరులు ఒకటి మీద దిశ మార్చే మెరుపు పద్ధతి తెచ్చారు, హాలీవుడ్ పక్కన పెరిగినదాని లక్షణాలు దానికున్నాయి: ఎత్తులు, దూకుళ్లు, ఆగి ఫోటోకి నిలబడినట్టు ముగింపులు. 1997లో ప్యూర్టో రికోలో, 1999లో లాస్ ఏంజెలెస్‌లో సల్సా కాంగ్రెస్‌లు మొదలయ్యాయి. మూడు రోజులు వర్క్‌షాపులు, రాత్రి షోలు, తెల్లారేదాకా సోషల్. ఇండియాకు సల్సా వచ్చింది ప్రధానంగా ఈ స్టూడియోలు, వీడియోలు, కాంగ్రెస్‌ల దారిలో, అందుకే ఇక్కడ మొదట అంకెలే వినపడతాయి.

అంకెలు చెడ్డవని కాదు. అవి లేకపోతే స్పానిష్ తెలియని, క్లావే వినని కోట్లమందికి ఈ తలుపు తెరుచుకునేదే కాదు, టోక్యో మనిషి విజయవాడ అమ్మాయితో ఒక్క మాట లేకుండా ఆడగలుగుతున్నాడంటే ఆ లెక్క చలవే. అయితే దానికి ఒక ధర ఉంది. లెక్కతో నేర్చినవాళ్లు పాట ఏదైనా ఒకేలా ఆడేస్తారు, గాయకుడు కథ చెబుతున్నా, ఇత్తడి వాయిద్యాలు విరుచుకుపడుతున్నా అదే తిప్పుడు వరుస. పసేయోలో ఆగి విసనకర్ర పట్టుకున్న జనం చూస్తే ఆశ్చర్యపోతారు.

డొమినికన్ రిపబ్లిక్ డాన్సులది వేరే దారి, అక్కడ మధ్యలో నిలబడింది ఒక నియంత. మెరెంగే సిబావో రైతుల సంగీతం: జర్మన్ వ్యాపారులతో వచ్చిన అకార్డియన్, రెండు వైపులా వాయించే తంబోరా, లోహపు గీరుడు వాయిద్యం గ్విరా. బీటుకో అడుగు, అంతే. పట్నం పెద్దలు ముఖం చిట్లించే ఆ పాటను 1930లో అధికారం పట్టిన త్రుహీయో తన ప్రచారానికి వాడుకున్నాడు, పెద్ద బ్యాండ్లకు కట్టబెట్టాడు, తనను పొగిడే మెరెంగేలు వందల్లో రాయించాడు. రేడియో, రికార్డింగు అతని కుటుంబం గుప్పిట్లో ఉండేవి. 1961 మే 30న అతన్ని కాల్చి చంపారు. ఏడాది తిరిగేసరికి, 1962లో, హోసే మాన్వేల్ కాల్దెరోన్ గిటారుతో విరహం పాడి రికార్డు చేశాడు. అప్పటికి ఆ పేరు లేకపోయినా మొదటి బచాటాగా దాన్నే చెబుతారు.

తర్వాత ముప్ఫై ఏళ్లు బచాటాకు పరువు లేదు. పల్లెలు వదిలి సాంతో దొమింగో మురికివాడలకు చేరిన కూలీలు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, బార్లలో తాగేవాళ్లు వినే పాట. పెద్ద రేడియోలు వేసేవి కావు, మంచి దుకాణాలు అమ్మేవి కావు. రేడియో గ్వారాచీతా అనే ఒక్క స్టేషన్ దీన్ని బతికించింది. డాన్సు కూడా ఆ బార్లలాంటిదే: చోటు తక్కువ, జంట దగ్గరగా, చిన్న చతురస్రంలో మూడడుగులు, నాలుగో బీటు మీద కాలి మునివేళ్లతో ఒక తట్టు. 1987లో బ్లాస్ దురాన్ ఎలక్ట్రిక్ గిటారు తెచ్చాడు. 1990లో హ్వాన్ లూయిస్ గెర్రా అనే చదువుకున్న సంగీతకారుడు బచాటాతో ఆల్బమ్ చేసి గ్రామీ గెలిచాక పెద్దింటి హాళ్లలోనూ మోగింది. 2002లో బ్రాంక్స్ కుర్రాళ్ల బృందం అవెంతూరా పాట యూరప్ చార్టుల్లో మొదటి స్థానాలకెక్కింది. 2019లో బచాటా యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మెరెంగే అదే జాబితాలోకి 2016లో, క్యూబా రుంబాతో పాటు చేరింది. ఒకప్పుడు పెద్దలు చిన్నచూపు చూసినవే ఇవన్నీ.

టాంగో ఈ కుటుంబంలో దూరపు బంధువు. బ్వెనోస్ ఐరెస్, మోంతెవిదేయో రేవుల్లో ఆఫ్రో కాందోంబే, క్యూబా నుంచి ఓడలెక్కి వచ్చిన అబనేరా అనే లయ, వలస వచ్చిన ఇటాలియన్ల గొంతు కలిస్తే పుట్టింది. 1913 ప్రాంతంలో పారిస్ దాన్ని మెచ్చుకున్నాకే సొంత దేశపు పెద్దలు ఇంట్లోకి రానిచ్చారు. అక్కడ నియమాలు ఇప్పటికీ గట్టివి: దూరం నుంచి కళ్లతో పిలవాలి, తల ఊపితేనే లేవాలి. అదొక ప్రత్యేక ప్రపంచం, దానికి వేరే వ్యాసం కావాలి.

యూరప్ వెళ్లిన బచాటా మళ్లీ మారింది. 2000ల్లో స్పెయిన్‌లోని కాదిస్ నుంచి కోర్కె, జుదిత్ జంట ఛాతీ తిప్పుళ్లు, శరీరం అంతా అలలా పాకే కదలికలు చేర్చి సెన్సువల్ బచాటా అని నేర్పారు. అందులో బ్రెజిల్ జూక్ అనే జంట డాన్సు ఛాయలున్నాయి. పాటలు కూడా మారాయి, ఇంగ్లిషు పాప్ పాటలకు బచాటా బీటు తగిలించిన రీమిక్సులకే ఇప్పుడు చాలా ఊళ్లలో ఫ్లోర్ నిండుతోంది. డొమినికన్లలో చాలామంది ఇది మాది కాదంటారు. చిన్న చతురస్రం, పాదాల చురుకు ఏమయ్యాయని వాళ్ల ప్రశ్న. రెండింటినీ ఒకే పేరుతో పిలవడమే గొడవకు మూలం. సెన్సువల్ ఆడేవాళ్లు నిజాయితీగానే ఒక కొత్త డాన్సు తయారు చేశారు, దానికి ప్రాణం ఉంది. కానీ కొత్త రూపాన్నే అసలుదిగా అమ్ముతూ, దాన్ని ముప్ఫై ఏళ్లు అవమానాల మధ్య బతికించిన జనాన్ని పోస్టర్ మీద నుంచి తీసేయడం మాత్రం అన్యాయం.

ఈ మధ్య స్టూడియోల్లోనే దీనికి ఒక విరుగుడు కనిపిస్తోంది. డొమినికన్ బచాటా క్లాసుల్లో స్టెప్పులకు ముందు వాయిద్యాలను విడివిడిగా వినిపిస్తున్నారు. బచాటా పాటలో దెరేచో, మహావో, మాంబో (పైన చెప్పిన మాంబో డాన్సు కాదు) అని మూడు భాగాలుంటాయి. గాయకుడు కథ చెప్పే దెరేచోలో బొంగో నిలకడగా నడుస్తుంది, పల్లవి అందుకునే మహావోలో ఒక్కో బీటునూ గట్టిగా తొక్కుతుంది, మాంబోలో గిటారు, బొంగో రెండూ విజృంభిస్తాయి. గ్విరా కూడా భాగం మారినప్పుడల్లా తన గీరుడు మార్చుకుంటుంది. టీచరు పాట పెట్టి, అడుగు వేయకుండా నిలబెట్టి, భాగం మారినచోట చెయ్యెత్తమంటారు. మొదట్లో సగంమంది చేతులు ఆలస్యంగా లేస్తాయి. నాలుగైదు పాటల తర్వాత టైముకు లేస్తాయి, అప్పుడు ఆడటం మొదలుపెడతారు.